యంత్రానికి ఇంగ్లీషు వచ్చునా?

"ఇంగ్లీషు రానివాడికి కంప్యూటరు రాదు." ఈ మాట మనం కళాశాల వరండాల్లో వింటున్నాం, ఏలూరు బస్సులో వింటున్నాం, చివరకు పెళ్ళిపందిళ్ళలో కూడా వింటున్నాం. అనేవాళ్ళలో పెద్దలూ ఉన్నారు, మన తోటివాళ్ళూ ఉన్నారు. ఆ మాట నమ్మి, లెక్కల్లో చురుకైన పల్లెటూరి పిల్లలు ఎందరో కంప్యూటరు సైన్సు జోలికే పోవడం లేదు. పోయినవాళ్ళు కూడా "ఇది మన బుర్రకెక్కేది కాదులే" అనే బెదురుతోనే క్లాసులో కూర్చుంటున్నారు. ఈ మాట అబద్ధమని నా నిశ్చితాభిప్రాయం. ఊరికే అనడం లేదు, నా తరఫున సాక్షి ఉంది. ఆ సాక్షి పేరు కంపైలర్.

మాది కొల్లేటి అంచున వరి పండించుకునే కుటుంబం. పదో తరగతి దాకా నా చదువు తెలుగులోనే సాగింది. నేను కంప్యూటరు చదువుతున్నానంటే మా నాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏమ్మా, దానికి తెలుగులో చెప్తే అర్థం అవుద్దా?" చదువుకున్నవాళ్ళకు ఈ ప్రశ్న నవ్వు తెప్పించవచ్చు. నా మటుకు నాకు, కంప్యూటరు శాస్త్రంలో ఇంతకన్నా మంచి ప్రశ్న అడగడం కష్టమనిపిస్తుంది. దానికి సరైన జవాబు ఏమిటంటే, ఆ యంత్రానికి తెలుగూ అర్థం కాదు, ఇంగ్లీషూ అర్థం కాదు. దానికి తెలిసినవి సున్నాలూ ఒకట్లూ. ఫలానా గడిలో ఉన్న అంకె తెచ్చుకో, ఈ అంకెతో కలుపు, సున్నా అయితే ఫలానా చోటికి దూకు. ఇలాంటి చిన్న చిన్న ఆజ్ఞలు, అవీ అంకెల రూపంలోనే ఉంటేనే దానికి పని జరుగుతుంది.

మనం రాసే ప్రోగ్రాముకూ ఈ అంకెల ఆజ్ఞలకూ మధ్య నిలబడి అనువాదం చేసి పెట్టేదే కంపైలర్. అమెరికాలో గ్రేస్ హాపర్ అనే గణిత శాస్త్రజ్ఞురాలు 1952లో ఎ-0 అనే అనువాదకాన్ని తయారుచేసింది. ఐ.బి.యం. కంపెనీలో జాన్ బాకస్ బృందం చేసిన ఫోర్ట్రాన్ కంపైలర్ 1957లో వచ్చింది. అంతకు ముందు ఆ అంకెల ఆజ్ఞలను చాలావరకు మనుషులే చేత్తో కూర్చుకునేవారు.

హాపర్ గారు 1978లో ఒక సభలో చెప్పిన ముచ్చట మనవాళ్ళంతా వినవలసింది. ఇంగ్లీషు మాటలతో ప్రోగ్రాము రాస్తే అర్థం చేసుకునే కంపైలర్‌ను ఆమె బృందం కంపెనీ యాజమాన్యానికి చూపించింది. దాంతోపాటు అదే ప్రోగ్రామును ఫ్రెంచి మాటలతోనూ, జర్మను మాటలతోనూ రాసి నడిపి చూపించింది. యాజమాన్యం మెచ్చుకోవడం మాని హడలిపోయిందట. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికా యంత్రం ఫ్రెంచి ఎలా అర్థం చేసుకుంటుందని వాళ్ళ ఆశ్చర్యం. ఆ యంత్రానికి ఇంగ్లీషైనా, ఫ్రెంచైనా ఒకటేనని, అవి కేవలం గుర్తులేనని వాళ్ళకు నచ్చజెప్పడం ఆమె వల్ల కాలేదు. కడకు ఇంగ్లీషుతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. అంటే మిత్రులారా, కంప్యూటరుకు ఇంగ్లీషు అంటగట్టింది శాస్త్రం కాదు, యాజమాన్యం!

ఇక కంపైలర్ లోపలికి పోదాం. పుస్తకంలో దీన్ని ఆరేడు పెట్టెలుగా గీసి, బాణాలు పెట్టి, పెద్ద పెద్ద పేర్లు రాస్తారు. మనం ఆ పేర్లు బట్టీపట్టి పరీక్షలో దించేసి వస్తాం. నిజానికి ఆ పెట్టెల్లో జరిగేది మనం ఎనిమిదో తరగతిలోనే నేర్చుకున్నాం. తెలుగు మాస్టారు పద్యం ఎలా చెప్పేవారో జ్ఞాపకం చేసుకోండి. మొదట పదచ్ఛేదం, తర్వాత అన్వయం, ఆ తర్వాత ప్రతిపదార్థం, చివరికి తాత్పర్యం. కంపైలర్ కూడా అక్షరాలా ఇదే వరసలో నడుస్తుంది. ఉదాహరణకు మన పొలం లెక్కే ఒకటి తీసుకుందాం. మనవైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. బస్తాలను క్వింటాళ్ళలోకి మార్చాలంటే:

క్వింటాళ్లు = బస్తాలు * 75 / 100

కంపైలర్ కంటికి మొదట ఇది ఒక వాక్యం కాదు, వరసగా పేర్చిన అక్షరాల దండ. మొదటి పెట్టె పేరు లెక్సర్. ఇది చేసే పని పదచ్ఛేదం. ఒక్కొక్క గుర్తునే చూసుకుంటూ, "నేనిప్పుడు ఏ స్థితిలో ఉన్నాను?" అని తనను తాను అడుగుతూ నడుస్తుంది. అక్షరం కనబడితే "పేరు చదువుతున్నాను" అనే స్థితి. అంకె కనబడితే "సంఖ్య చదువుతున్నాను" అనే స్థితి. పేరులో ఇమడని గుర్తు రాగానే అక్కడికి ఒక ముక్క కోసి పక్కన పెడుతుంది. ఎంత పొడుగు ముక్క దొరికితే అంత తీసుకోవాలన్నది దాని నియమం. అందుకే "బస్తాలు" అన్న మాటను "బస్తా" దగ్గర ఆపేయదు. పై వాక్యంలో దానికి ఏడు ముక్కలు దొరుకుతాయి: క్వింటాళ్లు, =, బస్తాలు, *, 75, /, 100.

పదచ్ఛేదం తప్పితే ఏమవుతుందో తెలుగువాడికి చెప్పనక్కరలేదు. "మావిడాకులు" అన్న మాటను ఒక చోట విరిస్తే గుమ్మానికి తోరణం, ఇంకో చోట విరిస్తే కోర్టు వ్యవహారం. పాత ఫోర్ట్రాన్‌లో ఈ తంటాయే ఉండేది. ఆ భాష మాటల మధ్య ఖాళీలను లెక్కలోకి తీసుకోదు. "డూ 5 ఐ = 1,25" అంటే ఒక పనిని 25 సార్లు చెయ్యమని అర్థం. కామా బదులు చుక్క పడిందా, "డూ5ఐ" అనే పేరు గల గడిలో 1.25 పెట్టమని అర్థం మారిపోతుంది. కామా దాకా చదివితే గాని "డూ" అనేది ఆజ్ఞో, పేరులో ముక్కో లెక్సర్‌కే తెలియదు.

ఇక "ఇఫ్", "వైల్" వంటి ఇంగ్లీషు మాటల సంగతి. అవి లెక్సర్ దగ్గరున్న ఒక చిన్న పట్టికలో వరసలు, అంతే. "ఇఫ్" కనబడితే ఫలానా నంబరు వెయ్యి అని ఆ పట్టికలో ఉంటుంది. ఆ వరసలో "అయితే" అని రాస్తే రేపటి నుంచి అదే కంపైలర్ "అయితే" అన్న మాటకు ఆ నంబరే వేస్తుంది. లోపలి పెట్టెల్లో ఒక్క మేకు కూడా కదపనక్కరలేదు. రష్యాలో వ్యాపార లెక్కలకు విరివిగా వాడే ప్రోగ్రామింగు భాష ఒకదానిలో ఈ మాటలన్నీ రష్యను భాషలోనే ఉన్నాయి. వాళ్ళ లెక్కలేమీ తప్పిపోలేదు.

అయితే ఇక్కడే మనం చెవి ఒగ్గి వినవలసిన ఇంకొక సంగతి ఉంది. పేర్లలో ఏయే అక్షరాలు చెల్లుతాయో నిర్ణయించేది కూడా ఈ లెక్సరే. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఆ భాషలో తెలుగు పేర్లు చెల్లుతాయి. 2009లో బయటికొచ్చిన గో భాషలోనూ ప్రపంచ భాషల అక్షరాలన్నీ చెల్లుతాయని నియమం ఉంది. కాని అందులో తిరకాసు ఉంది. యూనికోడ్ లెక్క ప్రకారం మన హల్లులూ అచ్చులూ "అక్షరాలు". గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న మాత్రం వేరే తరగతి. పైథాన్ ఆ తరగతిని కూడా పేరులో రానిస్తుంది. గో రానివ్వదు. దాని ఫలితం చూడండి. గో భాషలో "వల" అన్న పేరు చెల్లుతుంది, ఎందుకంటే అందులో గుణింతం లేదు. "చేప" అన్న పేరు చెల్లదు! వల వెయ్యవచ్చు గాని చేపను పట్టరాదన్నమాట. కొల్లేటివాళ్ళకు ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, దీన్ని ఎవరో కక్షతో చేశారని నేను అనుకోను. ఆ ఒక్క వాక్యపు నియమం రాసేటప్పుడు, గుణింతం లేకుండా మాటే పుట్టని భాషలు ఉన్నాయన్న సంగతికి తగినంత చోటు దొరకలేదు. నా అభిప్రాయానికి మూలం ఇదే. యంత్రానికి ఏ భాషా రాదు. కాని యంత్రానికి నియమాలు రాసేవాళ్ళకు భాష ఉంటుంది. నియమాలు రాసే చోట మనం లేకపోతే మన గుణింతాలు గుమ్మం బయటే ఉండిపోతాయి.

రెండో పెట్టె పార్సర్. ఇది అన్వయం కుదురుస్తుంది. ఏడు ముక్కలూ చేతిలో ఉన్నాయి, సరే. ఏది దేనికి చెందింది? ఏ పని ముందు, ఏది వెనక? పార్సర్ దగ్గర వ్యాకరణ సూత్రాలుంటాయి. "వాక్యం అంటే ఒక పేరు, సమానపు గుర్తు, ఒక లెక్క. లెక్క అంటే ఒక రాశి, లేదా రెండు లెక్కల మధ్య ఒక గుర్తు." ఇలా ఉంటాయవి. సూత్రం తనలో తననే వాడుకుంటుంది కాబట్టి గుప్పెడు సూత్రాలతో ఎంత పొడుగు లెక్కనైనా పట్టవచ్చు. ఫలితంగా తలకిందులుగా ఉన్న ఒక చెట్టు తయారవుతుంది. పైన సమానపు గుర్తు, దాని కింద ఒక కొమ్మకు క్వింటాళ్లు, ఇంకో కొమ్మకు భాగహారం. ఆ భాగహారం కింద ఒకవైపు గుణకారం, ఇంకోవైపు 100. గుణకారం కింద బస్తాలు, 75.

సూత్రాలతో భాషను కట్టిపడెయ్యడం మన దేశానికి కొత్త కాదు. బాకస్, పీటర్ నౌర్ అనే ఇద్దరి పేర్ల మీద 1960 ప్రాంతంలో ప్రోగ్రామింగు భాషల వ్యాకరణం రాసే పద్ధతి ఒకటి స్థిరపడింది. 1967లో ఇంగర్‌మన్ అనే ఆయన అమెరికా కంప్యూటరు పత్రికకు ఉత్తరం రాస్తూ, ఇటువంటి పద్ధతిని ఎన్నో శతాబ్దాల ముందే పాణిని వాడాడని, కనుక దీనికి పాణిని పేరు కూడా చేర్చాలని సూచించాడు. "అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయిష" అని గొప్పలు పోవడానికి నేనీ మాట చెప్పడం లేదు. పాణిని కంపైలర్ రాయలేదు. కాని సూత్రం చదివి ఉదాహరణకు అన్వయించుకునే అలవాటు ఉన్నవాడికి పార్సర్ పరాయిది కాదు.

అన్వయం ఎంత చిక్కో ఈ వాక్యం చూడండి: "కాలవొస్తే, కూలీలొస్తే ఊడ్పులు మొదలెట్టు, లేకపోతే గట్లెయ్యి." ఈ "లేకపోతే" ఎవరిది? కాలవ రాకపోతే గట్లెయ్యాలా, కూలీలు రాకపోతే గట్లెయ్యాలా? ఇంట్లో అయితే నాన్న మొహం చూసి అర్థం చేసుకుంటాం. యంత్రానికి మొహం లేదు. అందుకని చాలా భాషల్లో "లేకపోతే" దగ్గరి "అయితే"కే చెందాలని నియమం పెట్టారు. అంటే కాలవ వచ్చి కూలీలు రాకపోతేనే గట్లెయ్యాలి. కాలవే రాకపోతే ఏం చెయ్యాలో ఈ వాక్యంలో లేనట్టే.

మూడో పెట్టె అర్థం సంగతి చూస్తుంది. ఇక్కడ మన గ్రామ అడంగల్ లాంటి పట్టిక ఒకటి ఉంటుంది. అడంగల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, సాగుదారు, పంట ఉన్నట్టే, ఈ పట్టికలో ప్రతి పేరుకూ ఒక వరస ఉంటుంది. అది ఏ రకం విలువ, పూర్ణాంకమా, దశాంశమా, ఏ ఊరిది, ఎక్కడ నిలవ ఉంది అన్నవి రాసి ఉంటాయి. "ఏ ఊరిది" అనడం ఎందుకంటే, ఒకే పేరు ప్రోగ్రాములో రెండు చోట్ల వేరు వేరు మనుషులది కావచ్చు. అడంగల్‌లో లేని పేరు వాడితే కంపైలర్ అక్కడే ఆపి అడుగుతుంది.

రైతుబిడ్డలు అసలు శ్రద్ధ పెట్టవలసింది ఈ పెట్టె మీద. సి భాషలో బస్తాలనూ క్వింటాళ్ళనూ పూర్ణాంకాలుగా ప్రకటించి పై వాక్యం రాశామనుకోండి. 40 బస్తాలకు 30 క్వింటాళ్ళు వస్తుంది, బాగానే ఉంది. 41 బస్తాలు వేసి చూడండి. 41ని 75తో గుణిస్తే 3075. దాన్ని 100తో భాగిస్తే పూర్ణాంకాల్లో 30 మాత్రమే మిగులుతుంది. పోయినవి 75 కిలోలు, సరిగ్గా ఒక బస్తా! ఇంకొకడు చక్కగా కనబడాలని బ్రాకెట్లు పెట్టాడనుకోండి:

క్వింటాళ్లు = బస్తాలు * (75 / 100)

పూర్ణాంకాల్లో 75ని 100తో భాగిస్తే సున్నా. ఎన్ని బస్తాలు తోలినా క్వింటాళ్లు సున్నా. అదే వాక్యం పైథాన్ 3లో రాస్తే 0.75 వచ్చి లెక్క సరిపోతుంది. గీత ఒకటే, చట్టం వేరు. రెండు చోట్లా పదచ్ఛేదం సరిపోయింది, అన్వయం కుదిరింది, రకాలూ సరిపోయాయి. కంపైలర్ దృష్టిలో తప్పేమీ లేదు. అది వ్యాకరణం చూస్తుంది, న్యాయం చూడదు. ఈ రోజున పంట నమోదు, ధాన్యం కొనుగోలు, బ్యాంకు వడ్డీ అన్నీ ఏదో ఒక ప్రోగ్రాములోంచే పోతున్నాయి. ఆ ప్రోగ్రాము ఒక బస్తాను ఎక్కడ మింగగలదో తెలిసినవాడు ఊరికి ఒక్కడైనా ఉండాలా, వద్దా?

నాలుగో పెట్టెలో చెట్టును విప్పి చిన్న చిన్న మెట్లుగా రాస్తుంది:

త1 = బస్తాలు * 75
త2 = త1 / 100
క్వింటాళ్లు = త2

దీన్ని మధ్యంతర రూపం అంటారు. ఏకంగా యంత్రభాషలోకి పోకుండా మధ్యలో ఈ మజిలీ ఎందుకన్న అనుమానం రావచ్చు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు చూసినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. కర్నూలు ఉల్లి, మహారాష్ట్ర ఉల్లి ముందు గూడెం చేరి, అక్కడి నుంచి నలుదిక్కులకూ పోతుంది. పండించిన ప్రతివాడూ తినే ప్రతి ఊరికీ లారీ కట్టనక్కరలేదు. అలాగే పది భాషలు, ఐదు రకాల యంత్రాలు ఉంటే నేరుగా అనువదించడానికి యాభై కంపైలర్లు కావాలి. మధ్యలో ఒక మార్కెట్టు ఉంటే, పది భాషల నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఐదు యంత్రాలకు, మొత్తం పదిహేను ముక్కలతో సరిపోతుంది. 2000 సంవత్సరంలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలై ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న ఎల్.ఎల్.వి.యం. ఇలాంటి మార్కెట్టే. దాని మధ్యంతర రూపం మీద పరిశోధన చేసి ఐఐటీ హైదరాబాదు బృందం 2020లో ఐఆర్2వెక్ అనే పద్ధతిని ప్రచురించింది. కాబట్టి ఇది సముద్రాల అవతల మాత్రమే జరిగే పని అనుకోనక్కరలేదు.

ఐదో పెట్టె పొదుపు పెట్టె. చేసిందే మళ్ళీ చెయ్యకుండా చూస్తుంది. వంద బస్తాలు కాటా వేసేటప్పుడు ఖాళీ గోనె బరువు ప్రతిసారీ తూచం కదా, ఒకసారి తూచి రాసిపెట్టుకుంటాం. లూపు లోపల మారని లెక్క ఏదైనా ఉంటే కంపైలర్ కూడా దాన్ని బయటికి లాగి ఒక్కసారే చేయిస్తుంది. ఎవరూ వాడని లెక్కను తీసి పారేస్తుంది. రెండు స్థిరాంకాలుంటే ప్రోగ్రాము నడిచేదాకా ఆగకుండా తానే ముందు లెక్క కట్టేస్తుంది. ఇందాకటి బ్రాకెట్ల వాక్యం దీని చేతిలో పడితే 75 / 100ను ముందే సున్నా చేసి, సున్నాతో గుణకారం కూడా దండగని దాన్నీ తీసేసి, "క్వింటాళ్లు అంటే సున్నా" అని ఒక్క ఆజ్ఞలో తేల్చేస్తుంది. తప్పును కూడా ఎంత వేగంగా, ఎంత నేర్పుగా చెయ్యగలదో చూశారా!

ఆరో పెట్టెలో అసలు యంత్రపు ఆజ్ఞలు పుడతాయి. ఇక్కడ పెద్ద చిక్కు రిజిస్టర్లు. ప్రాసెసరు లెక్క చేసేటప్పుడు అంకెలను చేతికందే గళ్ళలో పెట్టుకుంటుంది. వాటినే రిజిస్టర్లంటారు. మామూలు కంప్యూటర్లలో ఇవి 16, మన జేబుల్లోని ఫోన్లలో 31. ప్రోగ్రాములో పేర్లు మాత్రం వందలు. గోదావరి డెల్టాలో దాళ్వాకు నీరు చాలనప్పుడు ఏం చేస్తాం? వంతులవారీగా ఇస్తాం. కంపైలర్‌దీ అదే పద్ధతి. ఏ విలువ ఎక్కడ పుట్టి ఎక్కడిదాకా పనికొస్తుందో లెక్క వేస్తుంది. ఒకే పొలంలో సార్వా కోశాక దాళ్వా వేసినట్టు, ఒక విలువ పని అయిపోగానే ఆ గడిని ఇంకొకదానికి ఇస్తుంది. ఒకే సమయంలో బతికున్న రెండింటికి మాత్రం ఒకే గడి ఇవ్వకూడదు. పటంలో పక్కపక్క జిల్లాలకు ఒకే రంగు వెయ్యకూడదన్న లెక్కలాంటిదే ఇదీ. ఐ.బి.యం.లో గ్రెగరీ చైటిన్, అతని తోటివాళ్ళు 1981లో సరిగ్గా ఆ రంగుల లెక్కతోనే దీన్ని సాధించారు. అప్పటికీ గళ్ళు చాలకపోతే కొన్నిటిని దూరాన ఉన్న మెమరీలో పెట్టి, కావలసినప్పుడు తెచ్చుకుంటుంది.

ఇంతకీ ఈ కంపైలర్‌ను ఏ భాషలో రాస్తారు? సి కంపైలర్‌ను చాలాకాలం సి భాషలోనే రాశారు! వరికి విత్తనం వరే అయినట్టు, పాత కంపైలర్‌తో కొత్త కంపైలర్‌ను పండిస్తారు. విత్తనం అన్నాక కల్తీ భయం ఉంటుంది. యూనిక్స్ రూపకర్తల్లో ఒకరైన కెన్ థామ్సన్ 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో ఈ సంగతే చెప్పాడు. కంపైలర్‌లో ఒకసారి దొంగదారి చొప్పిస్తే, అది తన తర్వాతి కంపైలర్లలోకి కూడా ఆ దారిని చొప్పిస్తూ పోవచ్చు. మూలగ్రంథం చదివితే ఎక్కడా మచ్చ కనబడదు. కల్తీ విత్తనం చూపుకు మంచి విత్తనంలాగే ఉంటుందని మనకు ఎవరైనా చెప్పాలా? ఇది మనకు తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే ఆ నష్టం మనకు తెలుసు.

ఇప్పుడు నా వాదానికి వచ్చే ఆక్షేపణలు చూద్దాం.

"ఇదంతా ఇంజనీరింగు వాళ్ళ గొడవ, డిగ్రీవాళ్ళకెందుకు?" అని కొందరంటారు. ఇంజను ఎలా నడుస్తుందో తెలియకుండానే కాలువ మీద ఆయిల్ ఇంజను నడిపే రైతు మన జిల్లాలో ఉన్నాడా? పాడైతే సగం మరమ్మతు తనే చేసుకుంటాడు. మనం రోజూ నడిపే ఇంజనును మాత్రం మూత తీసి చూడకూడదా?

"ఉద్యోగాలన్నీ ఇంగ్లీషులోనే కదా" అంటారు ఇంకొందరు. నిజమే. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. నేను ఇంగ్లీషుకు శత్రువును కాను. నేర్చుకుందాం, బాగా నేర్చుకుందాం. నా తగాదా అంతా ఒకటే. ఇంగ్లీషు వచ్చేదాకా ఆలోచించడం వాయిదా వెయ్యమని అంటే ఒప్పుకోను. పార్సర్ కట్టే చెట్టు ఏ భాషలో చెప్పినా అదే చెట్టు. దాన్ని ముందు తెలుగులో అర్థం చేసుకున్న విద్యార్థికి ఇంగ్లీషు పుస్తకం చేతికిస్తే తెలిసిన ఊళ్ళో తిరిగినట్టుంటుంది. అర్థం కాకుండా ఇంగ్లీషులో బట్టీపట్టినవాడికి ఏ ఊరూ తెలియదు.

"ఇప్పుడు కృత్రిమ మేధే ప్రోగ్రాములు రాసిపెడుతోంది, ఇక మనం నేర్చుకునేదేముంది?" అనేది అన్నిటికన్నా కొత్త వాదం. అది రాసింది కూడా చివరకు కంపైలర్ గుండానే పోవాలి. అది రాసిన దానిలో మన 41వ బస్తా పోయిందో లేదో చూడడానికి మనిషే కావాలి. కృత్రిమ మేధ ఊహించి చెబుతుంది, కంపైలర్ చట్ట ప్రకారం నడుస్తుంది. ఊహకూ చట్టానికీ తేడా తెలియనివాడు రెండింటి చేతిలోనూ మోసపోతాడు.

కాబట్టి మన విద్యార్థి సంఘానికి నా మనవి ఏమంటే, వచ్చే విద్యాసంవత్సరంలో శనివారం మధ్యాహ్నాలు కంప్యూటరు ప్రయోగశాలను మనకు ఇప్పించండి. అక్కడ మనం ఒక చిన్న తెలుగు భాషకు కంపైలర్ రాద్దాం. అయితే, లేకపోతే, ఉన్నంతవరకు, చూపు అనే నాలుగు ఆజ్ఞలు, నాలుగు రకాల లెక్కలు, పేర్లు, అంకెలు. ఇంతే. ఇది కొన్ని వందల లైన్ల పని. మొదటి నెల పదచ్ఛేదం, రెండో నెల అన్వయం, తర్వాత అడంగల్, ఆ తర్వాత చెట్టు మీద నడక. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన జి.సి.సి., ఇందాక చెప్పిన ఎల్.ఎల్.వి.యం., రెండింటి లోపలి రాతా ఎవరైనా చదువుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. చిక్కు వస్తే అడగడానికి తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్.ఐ.టి. ఉంది. అక్కడి విద్యార్థులు మన జిల్లావాసులకు కాదనరని నా నమ్మకం.

అన్నిటికన్నా ముఖ్యం, తప్పులు తెలుగులో చెప్పించాలి. "ఎక్స్‌పెక్టెడ్" అని మొదలయ్యే ఎర్ర అక్షరాల వాక్యాన్ని చూసి క్లాసులో సగం మంది చేతులు ముడుచుకుంటున్నారు. దాని అర్థం "ఇక్కడ బ్రాకెట్టు మూయాలి, మూయలేదు" అని మాత్రమే. జి.సి.సి. వంటి కంపైలర్లలో ఈ సందేశాలను అనువదించుకోవడానికి వీలుగానే అమర్చారు. ఫ్రెంచి, జర్మను, జపాను వాళ్ళు అనువదించుకున్నారు కూడా. మన చిన్న కంపైలర్ ఇంకొక అడుగు ముందుకు వెయ్యాలి. పూర్ణాంకాల భాగహారంలో శేషం పోతుంటే "అయ్యా, ఇక్కడ 75 పోతోంది, చూసుకోండి" అని హెచ్చరించాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీకు సంధులు విడదీయడం వచ్చు. అన్వయం కుదర్చడం వచ్చు. వంతులవారీ నీళ్ళ లెక్క ఇంట్లోనే చూశారు. కంపైలర్‌కు కావలసిన సరంజామాలో సగం మీ దగ్గర ఇప్పటికే ఉంది. మిగతా సగం కలిసి నేర్చుకుందాం. వచ్చే వార్షిక సంచికలో ఈ విషయం మీద మళ్ళీ ఒక అభిప్రాయ వ్యాసం రాకూడదని నా కోరిక. దాని చోట మన కంపైలర్ తెలుగులో పట్టుకున్న మొదటి తప్పు, దాన్ని సరిదిద్దిన విద్యార్థుల పేర్లు అచ్చు కావాలి.